కానుగ గింజయు ట్రాక్టరు దుక్కియు

మొన్నటి సర్వసభ్య సమావేశమున మన సంఘపు యువ సభ్యుడొకడు లేచి ఒక ప్రతిపాదన చేసెను. "అయ్యా, డీజిలు ఖర్చు మనకు మోయరానిదగుచున్నది. మన గట్లమీదను బాటల ప్రక్కలను కానుగ చెట్లున్నవి. భద్రాచలము వైపు అడవిలో ఇప్ప యున్నది. అశ్వారావుపేట వైపు పామాయిలు తోటలున్నవి. ఖమ్మము హోటళ్లలో మాడిన నూనె దినదినమును మిగులుచున్నది. వీనినుండి బయోడీజిలు చేయు యంత్రమును సంఘపు నిలువ ధనముతో ఏల కొనరాదు?" అని అతడు అడిగెను.

కొందరు చప్పట్లు కొట్టిరి. అంతట వెనుక వరుసలోని పెద్ద యొకరు మెల్లగా లేచి, "నాయనా, మా ఊరికి అడవి ఆముదము మొక్కలమ్మ వచ్చిన పెద్దమనిషియు ఇట్లే చెప్పినాడు. గింజ యెంతయైనను తానే కొందునన్నాడు. మొక్కలు మా చేలలో మిగిలినవి, ఆ మనిషి మాత్రము మరల కనబడలేదు" అనిరి. సభ నిశ్శబ్దమయ్యెను. తీర్మానము వచ్చు సమావేశమునకు వాయిదా పడినది. సంగతులు సేకరించి పత్రికలో వ్రాయు భారము నామీద పెట్టిరి.

సంఘపు నిలువ ధనము ఒకరి సొమ్ము కాదు. అది రూపాయి రూపాయిగా ఏండ్ల తరబడి కూడినది. కావున దానిపై చేయి వేయుటకు ముందు ఇంజను నడుచునా యనునది మాత్రమే గాక, గింజ చాలునా, లెక్క తేలునా యనునది కూడ తెలిసికొనవలయును. నాకు తెలియవచ్చిన సంగతులను ఉన్నవున్నట్లు క్రింద వ్రాయుచున్నాను.

ఇంజనుకు నూనె క్రొత్త కాదు

డీజిల్ అనునది మొదట చమురు పేరు గాదు, ఒక మనుష్యుని పేరు. రుడాల్ఫ్ డీజిల్ (1858–1913) అను జర్మను ఇంజనీరు నిప్పురవ్వతో పనిలేకయే, గాలిని గట్టిగా నొక్కుటవలన పుట్టు వేడిచేతనే చమురు మండునట్టి యంత్రమును నిర్మించెను. 1900 సంవత్సరమున పారిస్ నగరపు ప్రపంచ ప్రదర్శనమున ఇట్టి చిన్న ఇంజనొకటి వేరుశనగ నూనెతో నడచినది. రాతిచమురు కొరకు చేసిన యంత్రమే యెట్టి మార్పును లేక నూనెతో నడచినదనియు, చూచినవారిలో పెక్కురకు ఆ సంగతి తెలియనే లేదనియు డీజిల్ తరువాత 1912లో చెప్పియుండెను. వేరుశనగ విస్తారముగా పండు ఆఫ్రికా దేశములలో అచ్చటి పంటతోనే యంత్రములు నడపవచ్చునని ఫ్రెంచి ప్రభుత్వపు ఆలోచన.

పిమ్మట రాతిచమురు చౌకయై ఎల్లెడల దొరకుటచే నూనెను అందరును మరచిరి. అయినను 1937లో బెల్జియము దేశమున షవాన్ అను శాస్త్రజ్ఞుడు పామునూనెను సారాతో కలిపి పలుచని ఇంధనముగా మార్చు పద్ధతికి హక్కుపత్రము పొందెను. మరుసటి యేట అట్టి ఇంధనముతో బ్రస్సెల్స్, లూవేన్ నగరముల నడుమ బస్సు నడచినది. నేడు మనము బయోడీజిలు అనుచున్నది ఇదియే. 1973 నాటి చమురు కరువు తరువాత ప్రపంచమునకు ఈ పాత సంగతి మరల జ్ఞప్తికి వచ్చినది.

పచ్చి నూనె వలని చిక్కు

నూనె మండుచున్నప్పుడు, గానుగనుండి వచ్చినదానిని వచ్చినట్లే ట్యాంకిలో పోయరాదా యని పలువురు అడుగుదురు. పోసినచో ఇంజను నడుచును, కాని కొలది కాలమే. కానుగనూనె చిక్కదనము డీజిలు కంటె ఇంచుమించు పది రెట్లు. ఇంజెక్టరు ముక్కు సన్నని తుంపరగా చిమ్మవలసినదానిని ధారగా చిమ్మును. ధార పూర్తిగా మండదు. మసి గట్టిపడి పిస్టను రింగులు పట్టుకొనును. మండని నూనె క్రిందికి జారి ఇంజనాయిలును జిగురుగా మార్చును. నెమ్మదిగా తిరుగు పాతకాలపు ఆయిలింజనులు దీనిని కొంత ఓర్చుకొనును. నేటి ట్రాక్టర్ల సున్నితమైన పంపులు ఓర్చుకొనవు. ఒక లీటరు డీజిలు మిగుల్చుకొనబోయి పంపు పోగొట్టుకొనుట మీసములకు ఆశించి మూతి కాల్చుకొనుట వంటిది.

పలుచన చేయుట యెట్లనగా, నూనెలోని ప్రతి యణువును ఒకే గుంజకు కట్టిన మూడు దూడల వంటిది. గుంజ గ్లిసరిన్, దూడలు మూడు కొవ్వు ఆమ్లములు. మూడును కలిసి యుండుటచే కదలిక బరువు; అదియే నూనె చిక్కదనము. మిథనాలు అను సారాను కాస్టిక్ సోడాతో కలిపి నూనెలో వేసినచో, సోడా తలుగు విప్పును. విడివడిన ప్రతి దూడకును మిథనాలు తోడగును. గుంజ అడుగున పడిపోవును. పైన తేలిన పలుచని ద్రవమే బయోడీజిలు. దాని చిక్కదనము డీజిలుకు దగ్గరగా వచ్చును.

తయారుచేయు క్రమము

లీటరు నూనెకు మిథనాలు ఇంచుమించు 200 మిల్లీలీటర్లు పట్టును. పులుపు లేని తాజా నూనెకు కాస్టిక్ సోడా 3.5 గ్రాములు చాలును. మొదట నూనెను వడగట్టి, కాచి, తడి లేకుండ ఆరగొట్టవలయును. నీరున్నచోట బయోడీజిలుకు బదులు సబ్బు పుట్టును. తరువాత సోడాను మిథనాలులో కరగించి, సుమారు 55 డిగ్రీల వేడిలోనున్న నూనెలో పోసి, మూతగల పాత్రలో ఒక గంట కలియబెట్టవలయును. రాత్రియంతయు కదలింపక ఉంచినచో నల్లని గ్లిసరిన్ అడుగున దిగును. దానిని తీసివేసి, పైదానిని నీటితో మెల్లగా పలుమారులు కడిగి, నీరు తేటగా వచ్చిన పిమ్మట మరల తడియార్చవలయును.

నూనె పాతదైనను, గింజ తడిసి ముక్కినదైనను, దానిలో గుంజనుండి ముందే తెగిన కొవ్వు ఆమ్లము ఎక్కువగా నుండును. అది సోడాను తినివేసి సబ్బగును. దీనిని కొలుచుట కష్టము కాదు. లీటరు నీటిలో ఒక గ్రాము సోడా కలిపిన ద్రావణమును, పది మిల్లీలీటర్ల సారాలో కరగించిన ఒక మిల్లీలీటరు నూనెపై బొట్టుబొట్టుగా వేయుచు, ఫినాల్ఫ్తలీన్ చుక్క గులాబి రంగునకు తిరిగి నిలుచువరకు చూడవలయును. పసుపులో సున్నము కలిసినప్పుడు పారాణి ఎరుపెక్కుట మన స్త్రీలెరిగినదే. ఇదియు అట్టి రంగు మార్పే. ఎన్ని మిల్లీలీటర్లు పట్టినవో అన్ని గ్రాముల సోడా లీటరు నూనెకు అదనముగా చేర్చవలయును. ఈ లెక్క నాలుగైదు దాటెనేని సోడాతో మాత్రమే పని జరుగదు. ముందుగా గంధకికామ్లముతో ఆ పులుపు తగ్గింపవలసి యుండును. అది యింటి పెరటిలో చేయదగిన పని కాదు.

తయారైనది సరిగా మారినదా యని తెలిసికొనుటకు సులువైన పరీక్ష కలదు. ఒక గాజుసీసాలో 27 మిల్లీలీటర్ల మిథనాలు పోసి 3 మిల్లీలీటర్ల బయోడీజిలు కలుపవలయును. అంతయు తేటగా కరగినచో పని ముగిసినట్లు. అడుగున నూనె చుక్క నిలిచినచో మారని నూనె మిగిలియున్నట్లు. కంటికి పలుచగా కనబడినదని నమ్మి ట్యాంకిలో పోయుట తగదు.

ప్రాణముతోడి సంగతి

ఇచ్చట సభ్యులు రెండు నిమిషములు నిలిచి చదువవలయును. మిథనాలు చూపునకును వాసనకును త్రాగెడి సారా వలెనే యుండును. కాని కొలదిగా లోపలికి పోయినను కన్నులు పోవును, ప్రాణము పోవును. కల్తీసారా చావులలో పెక్కింటికి ఇదియే కారణము. దాని ఆవిరి పీల్చుటయు చర్మమునకు తగులుటయు కూడ కీడే. మిథనాలు మంట పగటి వెలుగున కంటికి ఆనదు. మంట యున్నదని తెలియకయే మనిషి కాలును. కావున పొయ్యి దగ్గర, ఇంటి లోపల, పిల్లలు తిరుగుచోట దీనిని ఉంచకూడదు. మిథనాలు నిలువ చేయుటకు ప్రభుత్వ నియమములున్నవి. అనుమతి లేక పీపాలు తెచ్చి పాకలో పెట్టుట తప్పు.

కాస్టిక్ సోడా చర్మమును, కంటిని తినివేయును. దానిని సత్తు పాత్రలో కలిపినచో పాత్రనే తిని, మండు వాయువును పుట్టించును. ఉక్కు పాత్రయు, చేతి తొడుగులును, కంటి అద్దములును, దగ్గరనే బిందెడు నీళ్లును ఉండక పని మొదలుపెట్టరాదు. అడుగున మిగిలిన గ్లిసరిన్‌లో మిథనాలును సోడాయు కలిసియుండును. దానిని గాని, కడిగిన నీటిని గాని కాలువలోను చెరువులోను వదలరాదు. వైరా చెరువు నీరు త్రాగెడు పశువు మనదే, పారెడు పొలము మనదే.

తయారైన బయోడీజిలు మాత్రము డీజిలు కంటె నిలువకు క్షేమకరము; నూరు డిగ్రీల వేడి దాటిన గాని దాని ఆవిరి అంటుకొనదు. పొగ తక్కువ, గంధకము దాదాపు లేదు. కాని లీటరుకు శక్తి కొంచెము తక్కువ. ఇంచుమించు పండ్రెండు లీటర్ల డీజిలు చేయు పనికి పదుమూడు లీటర్లు పట్టును. పాత ఇంజనులలోని రబ్బరు గొట్టములను ఇది మెత్తబరచును. ట్యాంకి అడుగున ఏండ్లనుండి పేరిన మడ్డిని కడిగి తెచ్చి ఫిల్టరుకు అడ్డము వేయును. ఆరు మాసములకు మించి నిలువయున్నచో పులిసి చెడును. ఈ హేతువులచే డీజిలులో కొలదిపాలు కలిపి వాడుటయే వాడుక.

ఏ నూనె తగును, ఏది తగదు

మన సభ్యుడు చెప్పిన నూనెలన్నియు ఒక్క తీరువి కావు. ఒక్కొక్కదానిని విడివిడిగా చూతము.

పామాయిలు. సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట ప్రాంతములలో ఈ తోటలు విస్తరించినవి. గెలలను ఆయిల్‌ఫెడ్ సహకార సమాఖ్య అశ్వారావుపేట, అప్పారావుపేటల మిల్లులలో ఆడించుచున్నది. ఎకరమునకు ఇంత నూనె ఇచ్చు పంట మరియొకటి లేదు. రసాయనముగా బయోడీజిలుకును మిక్కిలి తగినదే. కాని మన దేశము తినెడి నూనెలో సగమునకు పైగా విదేశములనుండి కొనుచున్నది. తినెడి నూనెకు వచ్చు ధరను విడిచి దానిని ఇంజనులో కాల్చుట అన్నము పెట్టి ఊక కొనుట వంటిది.

ఇప్పనూనె. ఇప్పపలుకులో సగము వరకు నూనె యుండును. చలికాలమున నెయ్యివలె పేరుకొనును. పులుపు త్వరగా ఎక్కును గనుక డీజిలు చేయుట శ్రమ. అంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. ఈ నూనెను అడవిలోని కోయ కుటుంబములు కూరలలో వాడుకొందురు, దీపమునకు వాడుకొందురు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవి ఫలసాయముపై వారికే హక్కునిచ్చినది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇట్టి ఫలసాయమును కొనుటకే పుట్టినది. వారి వంటింటి నూనెను మన ట్రాక్టరు కొరకు తేరగా దొరకు వస్తువుగా లెక్కవేయుట న్యాయము కాదు.

జంతువుల కొవ్వు. ఇదియు బయోడీజిలగును, విదేశములలో విస్తారముగా చేయుచున్నారు. చలికి గడ్డకట్టు గుణము నూనెలకంటె ఎక్కువ. మన యెడ సేకరణ కష్టము, దుర్వాసన, రోగభయము గలవు. పెద్ద కర్మాగారములకే ఇది తగును.

మాడిన వంటనూనె. మరల మరల కాచిన నూనె ఆరోగ్యమునకు కీడు. అట్టి నూనెలో చెడిన పదార్థము నూటికి 25 పాళ్లు దాటినచో వంటకు వాడరాదని ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ విధించిన నియమము 2018 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ సంవత్సరమే అట్టి నూనెను సేకరించి బయోడీజిలు చేయువారికి చేర్చు కార్యక్రమమును ఆ సంస్థ ఆరంభించినది. హోటళ్లనుండి ఈ నూనె తిరిగి మిరపకాయ బజ్జీల బాణలిలోనికి పోవుటకంటె ఇంజనులోనికి పోవుటయే అందరకును మేలు.

అడవి ఆముదము. 2003లో ప్రణాళికా సంఘపు కమిటీ యొకటి దేశమంతట కోటి హెక్టార్లకు పైగా దీనిని నాటి, 2011–12 నాటికి డీజిలులో ఐదవ వంతు మొక్కల నూనె కలుపవచ్చునని అంచనా వేసినది. పనికిరాని నేలలో, నీరు లేక, ఎరువు లేక పెరుగునని ప్రచారము జరిగినది. మొక్క బ్రతుకుట నిజమే. కాయలు కాయుట మాత్రము నీరును ఎరువును వేసినచోటనే. బ్రతుకుటకును ఫలించుటకును గల భేదము రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. 2009 నాటి జాతీయ విధానము ఐదవ వంతు గడువును 2017కు జరిపెను. అప్పటికి నూటికి ఒక పాలైనను చేరలేదు. 2018 విధానము 2030 నాటికి నూటికి ఐదు పాళ్లు చాలునని దిగివచ్చెను. ఈ గింజ విషము. పశువులును పిల్లలును తినకుండ చూడవలయును.

కానుగ. ఇది మన చెట్టు. దాని రొట్ట వరిమడిలో త్రొక్కించుట మన తాతలనాటి వాడుక. దాని నీడ బాటసారి యెరిగినది. దాని పుల్ల పండ్లు తోముకొనుటకు, దాని నూనె గజ్జి తామరలకు. వేళ్లలో నత్రజనిని స్థిరపరచు జాతి గనుక ప్రక్క నేలకు బలమే గాని కీడు లేదు. నూనె చేదు, తినుటకు పనికిరాదు. కావున నోటి కూడుతో పోటీ లేదు. గింజలో నూటికి 30 పాళ్లకు పైబడి నూనె యున్నను యంత్రమున ఆడించినప్పుడు చేతికి వచ్చునది నాలుగవ వంతు. అనగా లీటరు నూనెకు నాలుగు కిలోల గింజ కావలయును.

ఇతరులు చేసి చూచినది

కానుగనూనెతో పని చేయువారు మనకు దూరమున లేరు. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యుడు ఉడుపి శ్రీనివాస కర్ణాటక పల్లెలలో కానుగనూనెతో జనరేటర్లు నడిపి, బోరుబావులనుండి నీరు తోడించి చూపెను. ఆదిలాబాదు అడవులలోని గిరిజన గూడెములకు ఆ పద్ధతి వచ్చినది.

నాటి ఆదిలాబాదు జిల్లాలోని జైనూరు మండలపు పవర్‌గూడ కథ చెప్పదగినది. అచ్చటి గిరిజన స్త్రీల సంఘములు కానుగ మొక్కలు నాటి, గింజ సేకరించి, నూనె తీయు యంత్రమును తామే నడుపుకొనిరి. వారి నూనె డీజిలుకు బదులు వాడుటవలన రాబోవు పదేండ్లలో తగ్గగల బొగ్గుపులుసు గాలిని 147 టన్నులుగా లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించెను. నాటి మారకమున అది ముప్పదివేల రూపాయలకు దగ్గర. మొత్తము చిన్నదే, కాని అడవి నడుమనున్న స్త్రీల సంఘము వాషింగ్టనుకు బిల్లు వ్రాసి సొమ్ము రాబట్టుట చిన్న సంగతి కాదు. ఇచ్చట గమనింపవలసినది మరియొకటి కలదు. వారు మొదట పెట్టినది రసాయనపు తొట్టి కాదు, గానుగ. గింజను గింజగా అమ్ముకొనక, నూనెను పిండిని తమ చేతిలో నిలుపుకొనిరి.

రెండవ కథ వేరుగా నడచినది. 2007లో నల్లగొండ జిల్లా సంస్థాన్ నారాయణపురమున దినమునకు 40 టన్నుల బయోడీజిలు చేయు కర్మాగారము వెలసినది. నలుబది టన్నుల నూనెకు 160 టన్నుల గింజ కావలయును. చెట్టుకు ఇరువది కిలోలనుకొన్నను, ఒక దినపు పనికి ఎనిమిది వేల చెట్ల సాలుకాపు! కానుగ గింజ నొక్కదానినే నమ్ముకొనక జంతువుల కొవ్వును ఇతర నూనెలను కూడ ఆశ్రయింపవలసి వచ్చెను. కాకినాడ రేవున వెలసిన కర్మాగారములును పామునూనెనుండి తీసిన గట్టికొవ్వు మీదను, జంతువుల కొవ్వు మీదను ఆధారపడినవే. యంత్రములు నిలుచుట సులభము. గింజ నిలుచుట కష్టము.

లెక్క

ధరలు ఊరూర మారును గనుక, లెక్క నిమిత్తమే యీ క్రింది ధరలు అనుకొందము. సభ్యులు తమ అంగడి ధరలు వేసి చూచుకొనవలయును.

గింజ కిలో 25 రూపాయలు. నాలుగు కిలోలకు 100. ఆడించు కూలి 10. మిథనాలు, సోడా 15. వేడి, మనిషి కూలి 10. వెరసి 135 రూపాయలు. లీటరు నూనెకు చేతికి వచ్చు బయోడీజిలు కడుగుడు తరుగు పోగా 900 మిల్లీలీటర్లు. అనగా లీటరుకు 150 రూపాయలు! ఈ లెక్క చూచినవాడెవడును యంత్రము కొనడు.

కాని ఒక్క సంగతి విడిచితిమి. నాలుగు కిలోల గింజలో ఇంచుమించు 2.8 కిలోలు కానుగపిండిగా మిగులును. ఆ పిండిలో నత్రజని నూటికి నాలుగు పాళ్ల వరకు నుండును. దానిలోని చేదు పదార్థము నేలలో యూరియా త్వరగా మారి వృథాయగుటను తగ్గించును. పిండి కిలో 15 రూపాయలనుకొన్నచో 42 రూపాయలు తిరిగి వచ్చును. అప్పుడు ఖర్చు 93. లీటరు బయోడీజిలు 103 రూపాయలు. పిండిని పారవేసినవానికి నూట యేబది, మిరపచేనికి తోలుకొన్నవానికి నూటమూడు. కావున లాభనష్టములు తేల్చునది ఇంజను గాదు, పిండి.

ఇంకొక విధమున చూడుడు. కానుగ నాటిన నాలుగైదేండ్లకు గాని కాపునకు రాదు. ఎదిగిన చెట్టు ఏడాదికి పది కిలోలు ఇచ్చునదియు, ఏబది కిలోలు ఇచ్చునదియు కలదు. ఇరువది కిలోలు సగటుగా పెట్టినచో ఐదు లీటర్ల నూనె. అది ట్రాక్టరుకు ఇంచుమించు ఒక గంట దుక్కి. చెట్టు ఏడాది పొడుగున ఎండను త్రాగి దాచినది మనకు ఒక గంట దున్నిపెట్టును. ఏటికి ఇరువది గంటలు ట్రాక్టరు వాడు రైతునకు ఇరువది చెట్లు కావలయును. గట్ల మీదను, దొడ్డి చుట్టును ఇరువది చెట్లు నిలుపుట అసాధ్యము కాదు. కాని అవే చెట్ల కొరకు వరి పండు ఎకరమును విడిచిపెట్టుట అవివేకము.

సంఘము చేయదగిన పని

వ్యవసాయపు మోటార్లు మన ప్రాంతమున ఎక్కువగా విద్యుత్తుతో నడుచుచున్నవి. మన డీజిలు ఖర్చంతయు ట్రాక్టరు, కోతయంత్రము, రవాణా బండ్ల మీదనే. ఇవి సున్నితమైన ఇంజనులు. వారంటీ యున్న బండిలో ఇంటి బయోడీజిలు పోసినచో కంపెనీవారు బాధ్యత వహింపరు. బయోడీజిలు బయటివారికి అమ్ముటకు కేంద్ర ప్రభుత్వము 2019లో వేరుగా నియమములు చేసినది. అనుమతియు, నాణ్యత పరీక్షయు లేక అమ్మరాదు. ఇవియన్నియు ఆలోచించి ఈ క్రింది సూచనలు సభ యెదుట పెట్టుచున్నాను.

మొదటిది: బయోడీజిలు యంత్రమును ఇప్పుడు కొనవలదు.

రెండవది: కాయలు రాలుటకు ముందు, మాఘ ఫాల్గుణములలో, ప్రతి గ్రామ సభ్యుడును తన గట్లమీది కానుగ, వేప చెట్లను లెక్కించి సంఘమునకు చీటీ ఇయ్యవలయును. చెట్లెన్నో తెలియక గానుగ యెంతదో నిర్ణయింపలేము. బాగుగా కాచు చెట్లను గుర్తుపెట్టినచో వానినుండి అంటుమొక్కలు కట్టించుకొనవచ్చును.

మూడవది: గింజ చాలునని తేలినచో చిన్న నూనె యంత్రమొకటి పెట్టవలయును. కానుగ, వేప దానిలో ఆడించి పిండిని సభ్యులకే పంచవచ్చును. నూనెను సబ్బు చేయువారికిగాని బయోడీజిలు కర్మాగారములకుగాని ఎవరు ఎక్కువ ధరయిచ్చిన వారికి అమ్మవచ్చును. ఈ యంత్రములో తినెడి నువ్వులు, వేరుశనగ ఎన్నడును ఆడించరాదు. కానుగ శేషము తినెడి నూనెలో కలిసిన ముప్పు. కానుగపిండిని పశువుల మేతకును వాడరాదు.

నాలుగవది: అడవి గ్రామములనుండి గింజ కొనునప్పుడు ఎండిన గింజకు తూకము సరిచూచి, ధర ముందే ప్రకటించి, చేతికి చేయిగా చెల్లించవలయును. తడిసిన గింజ నూనెను పులియబెట్టును. అన్యాయపు తూకము సంఘమును పులియబెట్టును.

ఐదవది: వైరాలోని కృషి విజ్ఞాన కేంద్రమువారిని ఆశ్రయించి, పాత ఆయిలింజనొకదానిపై పరీక్షగా డీజిలులో పదవ వంతు చొప్పున, పరీక్షింపబడిన బయోడీజిలు కలిపి ఒక సంవత్సరము నడిపి, వాడుకయు మరమ్మతు ఖర్చును పుస్తకములో వ్రాసి చూడవలయును. హోటళ్ల మాడిన నూనెను సేకరించు అనుమతిగల వారికి చేర్చుటకు సంఘము మధ్యవర్తిగా నుండవచ్చును.

మన యువ సభ్యుని ఉత్సాహమును నేను త్రోసిపుచ్చలేదు. అతడు చూచినది నిజము: మన గట్లమీద ఏటేట రాలి చెదలకు పోవు గింజలో శక్తి యున్నది, ఎరువున్నది, ధనమున్నది. వెనుక వరుస పెద్ద చెప్పినదియు నిజము: కొనువాడు లేని గింజ, లెక్క లేని మొక్క, రైతును ముంచును. ఇద్దరి మాటలును కలిపి చూచినప్పుడు దారి తెలియుచున్నది. వచ్చు సమావేశమునకు సభ్యులు చప్పట్లకు సిద్ధమై గాక, తమ చెట్ల లెక్క చీటీలతో రావలయునని నా ప్రార్థన. నా గట్టుమీద పదునొకండు కానుగలున్నవి. వానిలో రెండు గొడ్డువి. నా చీటీ ఇదివరకే కార్యదర్శిగారికి ఇచ్చితిని.

— ఒక సభ్యుడు